ఆ మూడు రంగుల పట్టీ గురించి: ఐటీఐ పెద్దలకు ఒక వైండింగ్ మెకానిక్ బహిరంగ లేఖ

ఉపాధి, శిక్షణ శాఖ అధికారులకు, గోదావరి జిల్లాల ఐటీఐ ప్రిన్సిపాళ్లకు, ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్లకు,

నమస్కారం అండి.

నేను పాలకొల్లు దగ్గర మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. 1996లో ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తిచేసి, ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుని, అప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నాను. మా షాపుకి వచ్చేవి ఎక్కువగా రొయ్యల చెరువుల ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే చక్రం) మోటార్లు. తర్వాత వరి చేల మోటార్లు, ఇళ్లలో నీళ్ల మోటార్లు, ఫ్యాన్లు.

ఈమధ్య మా పక్క ఊళ్లో పదో తరగతి పాసైన పిల్లలకి ఒక కెరీర్ సదస్సు పెట్టారు. మా చిన్నవాణ్ణి తీసుకుని వెళ్లాను. తెర మీద ఒక పట్టీ వేశారు. ఏఐ వల్ల ఏ ట్రేడ్‌కి ఎంత ముప్పో మూడు రంగుల్లో చూపించారు. ఎరుపులో కంప్యూటర్ ఆపరేటర్, స్టెనో, ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. పసుపులో వెల్డర్, టర్నర్, కుట్టుపని. ఆకుపచ్చలో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, డీజిల్ మెకానిక్. "చేతి పని నేర్చుకున్నవాడికి ఢోకా లేదు" అన్నారు. పిల్లలంతా లేచి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు.

ఆ ఫొటో సాయంత్రానికల్లా మా పెద్దమ్మాయి వాట్సాప్‌కి చేరింది. తను డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండో ఏడాది చదువుతోంది. "నాన్నా, నాది ఎరుపులో ఉంది" అంది. ఆ రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలేదు. నా ట్రేడ్ ఆకుపచ్చలో ఉందని నాకేమీ ధైర్యం రాలేదు. ఆ పట్టీ తన విషయంలోనూ తప్పు, నా విషయంలోనూ తప్పు. అందుకే ఈ లేఖ.

ముందు నా పని గురించే చెప్పనివ్వండి.

కిందటి వర్షాకాలంలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక ఫోను మోగింది. చెరువు రైతు. "బాబాయ్, రెండు ఏరియేటర్లు ఆగిపోయాయి, కాలిన వాసన వస్తోంది" అన్నాడు. రొయ్యల సాగు తెలిసినవాళ్లకి ఆ టెన్షన్ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పగలు నీటిలోని ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదీ పీల్చుకునేదే. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి ఏరియేటర్లు తిరగకపోతే రొయ్య తేలిపోతుంది, అప్పుతో వేసిన పంట మొత్తం పోతుంది.

షాపులో ఉన్న రెండు స్పేర్ మోటార్లు ఆటోలో వేసుకుని, మా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి లేపుకుని వెళ్లాను. గట్టు మీద మోటార్ కవర్ విప్పాం. కాలిన వార్నిష్ వాసన ఇంకా వేడిగా కొడుతోంది. కుర్రాడు టార్చి పట్టుకుని లోపల వైండింగ్‌ని ఫొటో తీసి, ఫోన్లో ఏఐ యాప్‌ని తెలుగులోనే అడిగాడు. నిమిషం పట్టలేదు. "రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడాయి, మూడో ఫేజు కాయిల్స్ బాగున్నాయి. ఇది స్టార్ కనెక్షన్ మోటార్ అయితే, ఒక ఫేజు పోయినా నడిచి కాలిపోయింది. ఫ్యూజులు, స్టార్టర్, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ చూడండి" అని వచ్చింది.

ఒక్క తప్పు లేదు. స్టార్, డెల్టా అనేవి కాయిల్స్ కలిపే రెండు పద్ధతులు. స్టార్ మోటార్‌కి ఒక ఫేజు పోతే రెండు ఫేజుల కాయిల్స్ కాలతాయి, డెల్టా అయితే ఒక ఫేజువే కాలతాయి. లోడు ఎక్కువై కాలితే చుట్టూ ఒకే తీరుగా నల్లబడుతుంది. కాయిల్ లోపల చుట్టుకి చుట్టు అంటుకుంటే ఒక్క చోటే బొగ్గవుతుంది. కాలిన మచ్చని చూసి కారణం చెప్పడం నాకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. అది వచ్చాకే మా గురువుగారు నన్ను ఒంటరిగా పనికి పంపారు. ఆ చదువు ఇప్పుడు పద్దెనిమిదేళ్ల కుర్రాడి జేబులో ఉంది. ఇది ఒప్పుకోవడంలో నాకు నామోషీ ఏమీ లేదు. ఒప్పుకోకపోతే మన పిల్లలకి నిజం చెప్పలేం.

మరి ఒక ఫేజు పోగానే మోటార్‌ని ఆపేసే ప్రివెంటర్ ఉండగా మోటార్లు ఎలా కాలాయి? స్టార్టర్ పెట్టె తెరిచి చూస్తే, ప్రివెంటర్‌కి వెళ్లే రెండు వైర్లు ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. అంటే ఫేజు పోయినా అది ఆపదు. రైతుని అడిగితే ఎవరూ ముట్టుకోలేదన్నాడు. కాపలా మనిషి మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. నేనేమీ అనలేదు. మోటార్లు మార్చి, తడి కనెక్షన్లు తుడిచి బిగించి, నాలుగింటికి చక్రాలు తిరిగాక అతన్నే టీ అడిగాను. అప్పుడు చెప్పాడు. ఈదురుగాలి వచ్చినప్పుడల్లా కొబ్బరి మట్ట లైను మీద పడుతుందట, ఫేజు పోతుందట, ప్రివెంటర్ మొత్తం ఆపేస్తుందట. తను నిద్రలో ఉండి చూసుకోకపోతే పంటే పోతుంది. అందుకని భయపడి వైర్లు కలిపేశాడు. అతని భయం అబద్ధం కాదు కదండీ. మర్నాడు ప్రివెంటర్ సరిచేసి, అది ఆగిన వెంటనే బ్యాటరీ మీద మోగే హారన్ ఒకటి బిగించాను. ఆ తర్వాత ఆ చెరువులో మోటార్ కాలలేదు.

ఆ రాత్రి చేసిన పనిని ముక్కలు చేసి చూడండి. కాలిన మచ్చని చదవడం ఒక ముక్క, దాన్ని ఫోనే చేసేసింది. పెట్టె తెరవాలని తోచడం కూడా ఫోనుకి తెలుసు, చూడమని చెప్పింది కూడా. చీకట్లో, బురదలో, ఉప్పునీటి తడిలో ప్రాణానికి ముప్పు లేకుండా ఆ పని చేయడం మరో ముక్క. కాపలా మనిషి నోరు విప్పేదాకా ఓపిక పట్టడం ఇంకొకటి. ఇవి రెండూ మేం చేశాం. అన్నిటికంటే ముఖ్యం, తెల్లారేలోపు చక్రం తిరగకపోతే మాట పడేది నేను. ఆ బాధ్యత ఫోను మీద వేయలేం. "ఎలక్ట్రీషియన్" అని ఒక్క పేరు రాసి పక్కన ఆకుపచ్చ చుక్క పెడితే వీటిలో ఏ ముక్క ఉంటుందో, ఏది పోతుందో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

పోయిన ముక్క చిన్నది కూడా కాదు. మా గురువుగారి దగ్గర ఒక డేటా పుస్తకం ఉండేది. ఏ కంపెనీ మోటార్‌కి ఎన్ని స్లాట్లు, కాయిల్‌కి ఎన్ని చుట్లు, ఏ గేజ్ తీగ అన్నీ పెన్నుతో రాసుకున్న పాత లెడ్జర్. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆ పుస్తకమే ఆయన ఆస్తి. ఇప్పుడు స్టేటర్ (మోటార్లో కాయిల్స్ ఉండే, తిరగని భాగం) కొలతలు ఇస్తే చుట్ల లెక్క ఫోనే చెబుతోంది. లెక్కకి విలువ పోయింది. కాయిల్‌ని వేళ్లతో సర్దుతూ, తీగ మీద ఎనామిల్ గీసుకుపోకుండా స్లాట్‌లోకి దించడానికి మాత్రం విలువ ఉంది. కాకపోతే ఆ పనికి ఇచ్చే కూలి పెరగలేదు.

ఇక రెండో సంగతి. ఇది ఆ సదస్సులో ఎవరూ ఎత్తలేదు. నా పనిని యంత్రం నేర్చుకుంటేనే నా పని పోతుందని ఏమీ లేదు. వేసవి వస్తే మా షాపుల్లో ఫ్యాన్ వైండింగ్‌కి తీరిక ఉండేది కాదు. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. కరెంటు తక్కువ తాగుతాయి, జనానికి మంచిదే. కానీ చెడిపోయేది వైండింగ్ కాదు, లోపలున్న సర్క్యూట్ బోర్డు. బోర్డు పోతే బోర్డే మార్చాలి, లేకపోతే ఫ్యానే మార్చాలి. ఫ్యాను చుట్టే రోబో ఏదీ మా ఊరు రాలేదు. పనే వేరే దారి పట్టింది.

మన గోదావరి డెల్టాకి ఇది కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన కాలవలు పొలాలకి నీళ్లివ్వడంతో పాటు సరుకు రవాణాకీ దారులయ్యాయి. నీటి మట్టం మారే చోట పడవలు పైకి ఎక్కడానికి, కిందికి దిగడానికి లాకులు కట్టారు. ధాన్యం, కొబ్బరికాయ, కలప అన్నీ పడవల మీదే వెళ్లేవి. గెడ వేయడం, తాడు లాగడం, గాలి చూసి తెరచాప ఎత్తడం వచ్చినవాళ్లు ఊరూరా ఉండేవారు. పడవ నడిపే యంత్రమేదీ వచ్చి వాళ్ల పని లాక్కోలేదు. రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి, సరుకు ఒడ్డెక్కింది. ఇవాళ లాకుల దగ్గర నిలబడి చూస్తే గుర్రపుడెక్కే కనబడుతుంది. ఆనాడు ఎవరైనా రంగుల పట్టీ వేసి ఉంటే పడవవాణ్ణి ఆకుపచ్చలోనే పెట్టేవారు.

పసుపులో పెట్టిన వెల్డర్ సంగతి చూడండి. కార్ల ఫ్యాక్టరీలో ఒకే రేకు, ఒకే కొలత, ఒకే చోట అతుకు. ఆ పని రోబోలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాయి. మండపేట పక్క పొలంలో కోత మిషన్ విరిగి, వాన మబ్బు పట్టి, రైతు తల పట్టుకుని కూర్చుంటే అక్కడికి వెళ్లి తుప్పుపట్టిన ఇనుముకి అతుకు వేసేదీ వెల్డరే. ఇద్దరికీ మీరిచ్చే సర్టిఫికెట్ ఒకటే. ఇద్దరి భవిష్యత్తుకి ఒకే రంగు ఎలా వేస్తారు?

వస్తువు ఒకే తీరుగా ఉండి, వెలుతురు మారకుండా, ఒక్క చోటే జరిగే పని యంత్రానికి తొందరగా లొంగుతుంది. రైస్ మిల్లుల్లో సార్టెక్స్ మిషన్లు చూశారు కదా. జారుతున్న బియ్యాన్ని కెమెరా చూస్తుంది, నల్ల గింజని గాలి దెబ్బతో పక్కకి నెట్టేస్తుంది. ఒకప్పుడు ఆ గింజలు ఆడవాళ్లు చేటల్లో ఏరేవారు. ఏఐ అనే మాట మన ఊళ్లకి రాకముందే ఆ పని పోయింది. జపాన్, కొరియాల్లో ట్రేల్లో పెంచిన కూరగాయ నారుకి అంట్లు కట్టే మిషన్లున్నాయి. మన కడియం నర్సరీల్లో మామిడి అంటు ఇంకా బ్లేడు పట్టిన చేతి పనే, ఎందుకంటే ఏ రెండు కొమ్మలూ ఒక్క లావున ఉండవు.

2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కార్ల్ ఫ్రే, మైకేల్ ఆస్బోర్న్ అమెరికాలోని 702 వృత్తులు ఎంతవరకు యంత్రాల పాలవుతాయో లెక్క వేశారు. ఎలక్ట్రీషియన్‌కి 15 శాతం, వెల్డర్‌కి 94 శాతం, డేటా ఎంట్రీకి 99 శాతం అవకాశం ఉందన్నారు. చేత్తో కుట్టేవాళ్లకి కూడా 99 శాతమే రాశారు. మా ఇంట్లో వాళ్లు నాకు ఈ లెక్క చదివి వినిపించినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మాది నర్సాపురం, పాలకొల్లు మధ్య ఊరు. మా వైపు ఆడవాళ్లకి లేసు పని గురించి చెప్పేదేముంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక, ఇవాళ్టికీ అరుగుల మీద సాగుతోంది. మా అమ్మకి డెబ్బై దాటాయి. ఎడమ చూపుడు వేలి మీద దారం రాసుకుని రాసుకుని సన్నటి గాడి పడిపోయింది. ఇప్పుడు చూపు ఆనదు. అయినా మాట్లాడుతూనే అల్లుతుంది. ఒక ముడి తప్పితే వేలికి తెలిసిపోతుంది, కిందకి చూడకుండానే దారం వెనక్కి లాగి విప్పేస్తుంది. క్రోషే సూదితో వేసే ఆ అల్లిక అచ్చంగా అదే తీరులో వేసి ఫ్యాక్టరీల్లో పని కానిచ్చే మిషన్ నాకు తెలిసి ఎక్కడా లేదు. చూడ్డానికి అలా ఉండే మిషన్ లేసు వేరే నేత, విప్పి చూస్తే తేడా తెలుస్తుంది.

ఈమధ్య ఒక ఏజెంటు మా వీధికి ఫోన్లో బొమ్మ తెచ్చాడు. ఏఐ వేసిన టేబుల్ క్లాత్ డిజైన్. చాలా అందంగా ఉంది. "ఇలా కావాలి" అన్నాడు. మా అమ్మ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని, బొమ్మని పెద్దది చేయించుకుని చూసింది. "ఈ పువ్వు దగ్గర దారం ఎటు నుంచి వచ్చిందిరా? ఇక్కడ తెగి గాల్లో ఉంది. దీన్ని ఎలా అల్లుతారు?" అంది. నిజమే, ఆ బొమ్మలో దారానికి మొదలూ లేదు, చివరా లేదు. అమ్మ దానికి దగ్గరగా వచ్చేలా ఒక నమూనా తనే కట్టి ఇచ్చింది. రెండు రోజులు పట్టింది. నమూనాకి డబ్బులేమీ ఇవ్వలేదు. ముక్క లెక్కనే కూలి.

ఇక్కడే నాకు గుండె బరువెక్కుతుంది. ఆ 99 శాతం మాట చెప్పి పన్నెండేళ్లు దాటినా లేసు పని యంత్రం పాలు కాలేదు. ఆ చేతి నైపుణ్యం గొప్పదే. కానీ అదొక్కటే కారణం కాదు. ఇంత తక్కువ కూలికి చేసేవాళ్లు దొరుకుతుంటే లక్షలు పెట్టి ఆ మిషన్ కనిపెట్టాల్సిన అవసరం ఎవరికి ఉంది? రోజంతా అల్లినా మా అమ్మకి ఎప్పుడూ ఉపాధి హామీ కూలిలో సగం కూడా రాలేదు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఊళ్లో అందరం సంతోషపడ్డాం. అమ్మ కూలి మాత్రం అలాగే ఉంది. ఇలాంటి పనిని "ఏఐ ముట్టుకోలేదు" అని ఆకుపచ్చలో పెడితే, ఆ రంగు చూసి ఏ ఆడపిల్లని ఈ పనిలోకి రమ్మంటారు?

పని యంత్రం చేయలేకపోవడం ఒకటి, ఆ పని చేసినవాడికి అన్నం పెట్టడం ఒకటి. రెండూ వేరు వేరు లెక్కలు. మీ పట్టీలో మొదటి లెక్కే ఉంది. మా పిల్లలకి రెండోది కావాలి.

కోనసీమలో కొబ్బరి దింపు కూడా ఇంతే. మా చెల్లెలిని అంబాజీపేట వైపు ఇచ్చాం. వాళ్ల తోటకి దింపు మనిషి దొరకడం పెళ్లి ముహూర్తం దొరకడంకన్నా కష్టంగా ఉంది. చెట్టెక్కే రోబో మీద విశ్వవిద్యాలయాల్లో ప్రయోగాలు జరుగుతున్నాయి. మన తోటల్లో ఒక చెట్టు ఒరిగి ఉంటుంది, పక్క చెట్టు పంటకాలవ మీదకి వంగి ఉంటుంది, మధ్యలో అరటి, కోకో. పైకెళ్లినవాడు గెల కొట్టి ఊరుకోడు. కాయని గోరుతో కొట్టి ముదురు చూస్తాడు, మొవ్వులో కొమ్ము పురుగు తొలిచిందా, ఎర్రముక్కు పురుగు చేరిందా అని చూసి కిందున్న రైతుకి కేకేసి చెబుతాడు. ఏఐ ఆ పనికి రావడానికి చాలా కాలం పడుతుంది. కానీ దింపు మనిషి కొడుకు ఎక్కడం మానేశాడు. కారణం పైనుంచి పడితే చూసే దిక్కు లేకపోవడం. కొబ్బరి అభివృద్ధి మండలికి దింపు కార్మికుల కోసం కేర సురక్ష అనే బీమా ఉంది. మా చెల్లెలి ఊళ్లో అడిగితే ఎక్కేవాళ్లెవరికీ దాని పేరు తెలియదు.

ఎరుపులో ఉన్నవాటి గురించి కూడా మాట్లాడాలి. 2023లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన అధ్యయనం, చాట్‌జీపీటీ లాంటివాటి తాకిడి ఎక్కువ తగిలేది గుమాస్తా పనులకే అని చెప్పింది. నేను దాన్ని కాదనడం లేదు. మా మేనల్లుడు భీమవరంలో ఫ్లెక్సీ డిజైనర్. సంక్రాంతికి, పుట్టినరోజులకి రాత్రింబవళ్లు పని ఉండేది. మొదట్లో ఏఐ బొమ్మల్లో తెలుగు ఒత్తులు తప్పులుండేవి, వాడికి ధైర్యంగా ఉండేది. ఇప్పుడు అవీ చాలావరకు సర్దుకున్నాయి. డిజైన్ కస్టమరే ఫోన్లో తెచ్చుకుంటున్నాడు, వీడు ప్రింటు తీసి ఇస్తున్నాడు. జీతం తగ్గించారు. ఫొటో స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, దస్తావేజులు రాసేవాళ్లు అందరూ ఇదే పరిస్థితిలో ఉన్నారు. వీళ్లెవరూ మీ పట్టీలో లేరు. ముందు దెబ్బ తగిలినవాళ్లు లెక్కలోనే లేరు.

మా అమ్మాయి డ్రాఫ్ట్స్‌మన్ సంగతి మాత్రం మీరు చెప్పినంత తేలిక కాదు. గీతలు గీయడం కంప్యూటర్ ఎప్పుడో తీసుకుంది. ఇప్పుడు "నాలుగు సెంట్లలో తూర్పు ముఖం ఇల్లు" అంటే ఏఐ పది ప్లాన్లు ఇస్తోంది. మొన్న మా వీధిలో ఒకాయన అలాంటి ప్లాన్ తెచ్చి మా అమ్మాయికి చూపించాడు. గదులు బాగానే కుదిరాయి. మా అమ్మాయి సైటుకి వెళ్లింది. అది పాత చేపల చెరువుని మెరక చేసిన స్థలం. వానాకాలంలో మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరే నేల. ప్లాన్‌లో సెప్టిక్ ట్యాంకు వెనక గోడ పక్కన ఉంది. ఆ గోడ అవతల పక్కింటివాళ్ల చేతిపంపు ఉంది. ప్లాన్ వేసినదానికి పక్కింటి పంపు ఎలా తెలుస్తుంది? తను టేపు పట్టుకుని కొలిచి, ట్యాంకుని వీధి వైపు మార్చింది, మెరక మట్టి ఎంత లోతు ఉందో గొయ్యి తవ్వించి చూడకుండా పునాది వేయొద్దని చెప్పింది. ఇంకా కోర్సు పూర్తి కాని పిల్ల. ఆ పిల్ల ట్రేడ్ మీద ఎర్ర రంగు వేసేశారు.

హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లోనే ఒక మాట చెప్పారు. పెద్దవాళ్లు రాసే తెలివితేటల పరీక్షల్లో కంప్యూటర్‌ని నెగ్గించడం సులువు, ఏడాది పిల్లకున్న చూపు, కదలికలు దానికి నేర్పడం చాలా కష్టం అని. మన ట్రేడ్లన్నిటిలో ఈ రెండు రకాల పనీ కలిసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌లో లెక్క ఉంది, డ్రాఫ్ట్స్‌మన్‌లో కాలినడక ఉంది. పోల్చాలంటే ట్రేడ్ లోపలికి వెళ్లి పోల్చాలి.

మీరు చేయగలిగినవి, నాకు తోచినవి చెబుతాను.

మొదట ఆ పట్టీని పిల్లలకి చూపించడం ఆపండి. దాని బదులు ఒక్కో ట్రేడ్‌కి మన జిల్లాల్లో పనిచేస్తున్న పదిమందిని పిలిచి కూర్చోబెట్టండి. నిన్న రోజంతా ఏం చేశావో చెప్పు అని అడగండి. ఏ ముక్క ఫోను చేస్తోంది, దేనికి డబ్బులు వస్తున్నాయి, ఏ పని మూడేళ్లుగా తగ్గుతోంది అని వాళ్లే చెబుతారు. ఆ మాటలే పిల్లలకి చెప్పండి.

డ్రాఫ్ట్స్‌మన్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్) సీట్లు తగ్గించే ఆలోచన ఉంటే మానుకోండి. ల్యాబ్‌లో గీతలు గీయించే గంటలు కొన్ని తగ్గించి సైటులో కొలతలు, సర్వే, నేల పరీక్ష, ఏఐ ఇచ్చిన ప్లాన్‌లో తప్పులు పట్టడం నేర్పండి. ఎలక్ట్రీషియన్ పిల్లలకి సర్క్యూట్ బోర్డులు, మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్‌లు రిపేరు చేయడం గట్టిగా నేర్పండి. ఈ విషయంలో మాకు మీ సాయం కూడా కావాలి. చాలా కంపెనీలు బోర్డుల మీద రెసిన్ పోసి మూసేస్తున్నాయి, సర్క్యూట్ బొమ్మ ఇవ్వవు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు చేసుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, వ్యవసాయ పరికరాలు కూడా దాని పరిధిలోనే ఉన్నాయి. చిన్న షాపువాడు అడిగితే కంపెనీలు పలకవు. ప్రభుత్వ ఐటీఐ లెటర్‌హెడ్ మీద అడిగితే మోటార్ల, పంపుల, కంట్రోలర్ల మాన్యువల్స్ ఇస్తారని నా ఆశ. అవి తెప్పించి ప్రతి ఐటీఐలో ఒక గదిలో పెడితే మేం కూడా వచ్చి చదువుకుంటాం.

ఇంకొకటి, ఇది ఇన్‌స్ట్రక్టర్లకి ప్రత్యేకంగా. చెరువు దగ్గర ఆ రాత్రి తర్వాత మా షాపు కుర్రాడికి ఒక నియమం పెట్టాను. ఫోనుని అడగొద్దని అనలేదు. ముందు నీ కళ్లతో చూసి, ఎందుకు కాలిందో నీ చేత్తో నోటు పుస్తకంలో రాయి, తర్వాత ఫోనుని అడుగు, తేడా వస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం అన్నాను. మొదటి నెల పదిలో ఏడు తప్పులే. ఇప్పుడు తప్పులు రెండు మూడుకి వచ్చాయి. ఒకసారి ఫోను తప్పు చెప్పింది, వాడు రాసిందే నిజమైంది. మీ వర్క్‌షాపుల్లో కూడా ఇలా చేయించండి. పిల్లవాడికి పని రాకముందే జవాబు వచ్చేస్తే, ఫోను తప్పు చెప్పిన రోజు పట్టుకునేవాడు ఉండడు. సులువైన రిపేర్ల మీదే కదా మేమంతా పని నేర్చుకుంది.

పీఎం విశ్వకర్మ పథకం 2023లో 18 వృత్తులతో మొదలైంది. పడవ తయారీ, వలల తయారీ, కొబ్బరి పీచు పని, దర్జీ పని అందులో ఉన్నాయి, సంతోషం. లేసు అల్లిక లేదు, కొబ్బరి దింపు లేదు, మోటార్ వైండింగ్ లేదు. అది మీ చేతిలో లేదని తెలుసు. కానీ మన జిల్లాల నుంచి రాతపూర్వకంగా అడగాల్సింది మీరే. లేసు అల్లేవాళ్లకి డిజైన్ కట్టినందుకు వేరే కూలి ఉండాలని, దింపు కార్మికులకి బీమా కార్డు ఊళ్లోనే ఇప్పించాలని ఆ లేఖలో రాయండి. కావాలంటే మా వైపు ఆడవాళ్లతో, మా చెల్లెలి ఊరి దింపు మనుషులతో సంతకాలు నేను చేయించి పంపిస్తాను.

మా అమ్మాయికి వచ్చే నెల నుంచి అప్రెంటిస్‌షిప్ వెతుకుతున్నాం. తను ట్రేడ్ మారనంది. నాకు గర్వంగానే ఉంది, భయమూ ఉంది.

మా షాపులో ఒక మూల నాలుగు స్టేటర్లు విప్పకుండా పక్కన పెట్టి ఉంచాను. ఒకటి ఫేజు పోయి కాలింది, ఒకటి లోడు ఎక్కువై, ఒకటి కాయిల్ లోపల షార్టయి, ఒకటి సీలు పోయి ఉప్పునీళ్లు దిగి. రాగి తుక్కు కింద అమ్మితే డబ్బులొస్తాయి గానీ అమ్మలేదు. ఏ ఐటీఐ నుంచైనా పిల్లల్ని తీసుకురండి, ఆదివారమైనా తెరుస్తాను. ముందు వాళ్లనే చూసి రాయమందాం. ఫోన్లు ఆ తర్వాత తీద్దాం.

ఇట్లు,
పాలకొల్లు ప్రాంతపు ఒక మోటార్ వైండింగ్ మెకానిక్